ఎనిమిదో గుడ్డ

ఆ వేసవిలో మా ఇంట్లో ఊపిరాడక అవస్థ పడుతున్నది నా కారొక్కటే అని అందరూ తీర్మానించారు. నా సంగతి ఎవరూ అడగలేదు.

నాది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే పెద్ద బోర్డూ, బల్లలూ ఏమీ లేవు. ఒక చిన్న కారు, అందులో పక్క సీటు దగ్గర నా కాళ్లకి కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ, అంతే. ఇంటి ముందు భాగం షెడ్డు. అక్కడ మా ఆయనా, మరిదీ కార్లు బాగుచేస్తారు. వెనక రెండు గదులూ వంటిల్లూ మావి. మేడ మీది గది మరిదిది, ఇంకా పెళ్లి కాలేదు. మా అత్తగారు ఇంటికీ షెడ్డుకీ మధ్య నడవాలో కుర్చీ వేయించుకుని, ఒక కన్ను నా వంటింటి మీదా ఒక కన్ను కొడుకుల మీదా వేసి ఉంచేది.

మామగారు పోయి ఆరేళ్లు. ఆయన పోయినా ఆయన పెట్టిన నియమం పోలేదు. షెడ్డులో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో ఏడు గుడ్డలు. ఇంజిన్ దగ్గర ఏ గొట్టం ఊడదీసినా నట్టో దుమ్మో లోపల పడకుండా దాని నోట్లో గుడ్డ కుక్కాలి. పని అయ్యాక గుడ్డలన్నీ డబ్బాలోకి తిరిగి రావాలి. ఒకరు లెక్కపెట్టి "ఏడు" అనాలి. రెండోవాళ్లు కూడా చూసి "ఏడు" అనాలి. అప్పుడే బానెట్ మూయాలి. పదిహేనేళ్లుగా సాయంత్రం నేను కూర పొయ్యి మీద పెట్టే వేళకి షెడ్డులోంచి "ఏడు", "ఏడు" అని వినిపిస్తూనే ఉంది. ఇద్దరు పెద్ద మగవాళ్లు రోజూ ఏడు గుడ్డల్ని లెక్కపెట్టడమేమిటని నేను నవ్వని రోజు లేదు.

ఎండలు ముదిరే రోజుల్లో కారు చచ్చుబడింది. మా వీధి చివర ఒక ఎత్తురోడ్డు ఉంది. టెలిఫోన్ స్తంభం దగ్గర మొదలై నీళ్ల ట్యాంకు గేటు దగ్గర ముగుస్తుంది. లైసెన్సు పరీక్షలో కారు ఆపి మళ్లీ ఎక్కించమనేది అక్కడే, కాబట్టి నా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ ఆ ఎత్తే గండం. దాని మీద కారు మూలుగుతూ ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్సలరేటర్ ఎంత తొక్కినా ఎవరో వెనక నుంచి పట్టుకుని ఆపుతున్నట్టుండేది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, "కారు లాగడం లేదు," అన్నాను. ఆ మాట అనకుండా నోరు మూసుకుని అన్నం తిని ఉంటే ఆ వేసవి ఇంకోలా ఉండేది.

"ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. రేపు చూస్తాలే," అన్నాడు మా ఆయన.

"మీ రేపు సంగతి నాకు తెలుసు. కడుగుతా కడుగుతా అన్న బండిని కూడా పోయిన వారం నేనే పైపు పెట్టి కడుక్కున్నాను."

"ఫిల్టర్ కాదన్నయ్యా, ఆ నల్ల డబ్బానే దండగ," అన్నాడు మరిది. "చప్పుడు రాకూడదని కంపెనీ వాళ్లు గాలిని సందులూ గొందులూ తిప్పి తెస్తారు. ఆ డబ్బా పీకి పక్కన పడేసి, పొట్టి గొట్టం వేసి, చివర శంకులాంటి ఫిల్టర్ బిగిస్తే బండి ఎగిరిపోతుంది."

"ఎగిరిపోదు, ఉడికిపోతుంది. బానెట్ కింద ఉన్న వేడి గాలంతా అదే పీల్చుకుంటుంది. డబ్బా ఉండాల్సిందే. లోపలి కాగితం ఫిల్టర్ తీసి, కడిగి వాడుకునే నూలు ఫిల్టర్ వేస్తే చాలు."

"నూలుదైనా కాగితందైనా ఆ డబ్బాలోనే కదా, గాలి రావలసింది ఆ ఇరుకులోంచే కదా."

"ఒరేయ్, ఆ డబ్బా తయారుచేసినవాళ్లకి నీ పాటి తెలివి లేదంటావా?"

నేను కూర వడ్డిస్తూ నిలబడ్డాను. ఎవరి కంచంలో వేసినా చెయ్యి అడ్డం పెట్టలేదు, చూడనూ లేదు.

అసలు గొడవ గాలి గురించి కాదని నాకు తెలుసు. ఏడాదిగా మరిదికి మామూలు రిపేర్ల మీద మనసు లేదు. పాత కార్లకి హుషారు తెప్పించే పని చెయ్యాలని, షెడ్డులో సగం తనకిస్తే అది ఇక్కడే మొదలుపెడతానని అడుగుతున్నాడు. మా ఆయన దానికి 'చప్పుళ్ల వ్యాపారం' అని పేరు పెట్టాడు. ఈలోగా పందెం కార్లు తయారుచేసే షాపువాళ్లెవరో దూరం ఊరి నుంచి మరిదిని రమ్మన్నారు. వానల నాటికి ఏ సంగతో చెప్పమన్నారు.

"సరే," అన్నాడు మా ఆయన చెయ్యి కడుక్కుంటూ. "మాటలెందుకు? ఆ ఎత్తు మీద తేల్చుకుందాం. నీ గొట్టం నా డబ్బా కంటే నిజంగా ముందుంటే సగం షెడ్డు నీది. లేదంటే ఆ మాట మళ్లీ ఎత్తొద్దు."

"ఎత్తను," అన్నాడు మరిది. "వెళ్లిపోతాను."

అత్తగారు కలిపిన ముద్ద అలాగే పట్టుకుని కూర్చుంది. నేను మాత్రం, "మధ్యలో నా కారెందుకు?" అని అడిగాను. ఆ ప్రశ్నకి ఇప్పటిదాకా జవాబు రాలేదు.

మరిది వెళ్లకూడదన్నది ఆ వేసవిలో నా ఒకే ఒక్క కోరిక. పెళ్లయిన మూడో ఏడు, "వదినా, నువ్వు కారు నేర్చుకో," అని నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది అతనే. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. షెడ్డు గోడకి నేను రెండుసార్లు గుద్దితే, రెండుసార్లూ తనే గుద్దానని అన్నతో చెప్పి చీవాట్లు తిన్నాడు. ఇవాళ వీధిలో నలుగురు నన్ను మేడం అంటున్నారంటే అది అతని చలవే. అందుకే కారు ముక్కు ఊడదీస్తుంటే తిట్టుకుంటూ ఊరుకున్నాను గానీ వద్దని గట్టిగా అనలేదు.

పోటీ సరే, నడిపేదెవరు? అన్న కాలు మీద తమ్ముడికి నమ్మకం లేదు, తమ్ముడి కాలు మీద అన్నకి లేదు. చివరికి ఇద్దరూ నా వైపు చూశారు. రోజుకి ఆరుగురికి అదే ఎత్తు మీద అదే గేరు నేర్పే మనిషిని, నా కాలు ఎప్పుడూ ఒకేలా పడుతుందట. మెచ్చుకోలు అనుకుని ఒప్పుకున్నాను. అది మెచ్చుకోలు కాదు, వెట్టిచాకిరీ.

స్తంభం దగ్గర మా ఆయన చెయ్యి ఊపుతాడు. నేను రెండో గేరులో పూర్తిగా తొక్కి ట్యాంకు గేటు దాకా పోతాను. పక్క సీట్లో మరిది ఫోనులో సెకన్లు చూస్తాడు. ఏమీ మార్చకుండా, ఉన్న డబ్బాతో ఉన్నట్టుగా నడిపితే ముప్పై ఒకటి. అదీ మొదటి లెక్క.

మర్నాడు మా ఆయన డబ్బా మూత తీసి నూలు ఫిల్టర్ వేశాడు. అది ఎర్రగా, మడతలు మడతలుగా, చూడ్డానికి బాగానే ఉంది. దానికి నూనె పట్టించాలట, దుమ్ము అంటుకోవడానికి. మా ఆయనకి ఏదైనా పట్టించడమంటే ధారాళం. ముప్పై సెకన్లు వచ్చింది. అంత నూనె పోసి సంపాదించింది ఒక్క సెకను. రెండో రోజుకి ఆ నూనె గాలితో పాటు లోపలికి పోయి, వచ్చే గాలిని కొలిచే సన్నటి తీగకి అంటుకుంది. కారు ఆగినచోటల్లా వణకడం, నా కళ్ల ముందు పసుపు దీపం వెలగడం మొదలైంది.

ఆ సమయంలో స్టీరింగ్ దగ్గర ఉన్నది టైలరమ్మ. మా వీధిలోనే బట్టలు కుడుతుంది. యాభై దాటాక కారు నేర్చుకోవాలని పట్టుబట్టింది. కుట్టుమిషను తొక్కిన కాలు కాబట్టి పెడల్ ఎంత నొక్కాలో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. నేను నేర్పినవాళ్లలో అంత మెత్తటి కాలు ఇంకొకటి చూడలేదు. వానలు మొదలైన వారంలోనే ఆవిడ పరీక్ష.

"మేడం, దీపం వెలిగింది. నేనేమైనా తప్పు నొక్కానా?"

"మీరు కాదమ్మా. నొక్కినవాళ్లు మా ఇంట్లో ఉన్నారు."

మా ఆయన ఆ తీగని మందు కొట్టి శుభ్రం చేసి, ఫిల్టర్ నూనె వత్తి, మళ్లీ పెట్టాడు. మళ్లీ నడిపాను. మళ్లీ ముప్పై. ఆయన మొహం చూసి నాకు జాలేసింది. జాలేసిన మరుక్షణం, నా రెండు పాఠాలు పోయిన సంగతి గుర్తొచ్చి ఒళ్లు మండింది.

తర్వాత మరిది వంతు. నల్ల డబ్బానీ, దాని ముందు హెడ్‌లైటు వెనక నుంచి గాలి తెచ్చే వంకర గొట్టాన్నీ కలిపి ఒక్కసారిగా పీకి అటక మీద పడేశాడు. ఆ స్థానంలో మెరిసే పొట్టి గొట్టం, చివర శంకు ఫిల్టర్ వచ్చాయి. పొద్దున్నే ఆరింటికి నడిపితే ఇరవయ్యేడు. మరిది గేటు దగ్గర కారు దిగి రోడ్డు మీదే చిందు తొక్కాడు.

"మధ్యాహ్నం నడపమను," అన్నాడు మా ఆయన.

మధ్యాహ్నం బజారు రద్దీలో అరగంట నిలబడి, ఇంజిన్ సలసలా కాగుతుండగా అదే ఎత్తు ఎక్కాను. ఇరవై తొమ్మిది. శంకు ఫిల్టర్ పక్కనే వేడెక్కిన ఇంజిన్ ఉంటే అది పీల్చేది వేడి గాలే కదా. మా ఆయన పెదవి విప్పకుండా నవ్వాడు. ఆ నవ్వు చూసి మరిది అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

సెకన్ల మాట అలా ఉంచితే, ఆ చప్పుడొకటి. ఎక్సలరేటర్ తొక్కినప్పుడల్లా బానెట్ కింద ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టుండేది. ఒక బ్యాంకు గుమాస్తా మొదటి పాఠంలోనే ఆ చప్పుడికి జడిసి రెండు చేతులూ స్టీరింగ్ మీంచి ఎత్తేశాడు. నా వైపు బ్రేకు లేకపోతే ఏ కూరగాయల బండి మీదకో పోయేవాళ్లం. ఇంటికొచ్చి చెబితే మరిది ఆ మాటంతా వదిలేసి, "చప్పుడు బాగుంది కదా వదినా?" అన్నాడు.

నెల తిరిగేసరికి మూడో రకం వచ్చింది. ఇది పొడుగు గొట్టం. ఇంజిన్ వేడికి దూరంగా కిందికి దిగి, ముందు బంపర్ వెనక, రోడ్డుకి జానెడు ఎత్తులో తెరుచుకుంటుంది. అక్కడ చల్ల గాలి. చల్ల గాలి చిక్కగా ఉంటుందనీ, చిక్కగా ఉంటే ఇంజిన్‌కి బలమనీ మరిది నాకు వంటింట్లో నిలబడి వివరించాడు. చారు పలచన, పప్పు చిక్కన అన్నట్టు చెప్పాడు. నాకు అర్థమయ్యేలా చెబుతున్నాననుకుని నా పప్పు గరిటె కూడా తీసుకుని తిప్పాడు.

పొద్దున ఇరవయ్యారు. మధ్యాహ్నం కూడా ఇరవయ్యారే.

మూడు రోజులు నడిపించారు, ఒక్క సెకను కూడా మారలేదు. నాలుగో రోజు మా ఆయన షెడ్డులోకి వెళ్లి, చీపురుతో నేల ఊడ్చి, సుద్దముక్కతో మధ్యలో ఒక గీత గీశాడు. మామగారి కాలం నాటి పనిబల్లని ఒక్కడే ఈడ్చుకుంటూ గీతకి ఇటు వైపు తెచ్చుకున్నాడు. మరిది సాయం పట్టబోతే, "నేను చూసుకుంటాలే," అన్నాడు. ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు, అంతే. కానీ ఆ వారమంతా తెలిసిన కస్టమర్లు వచ్చి గీత ఏమిటని అడుగుతుంటే, "తమ్ముడికి తెలిసింది నాకు తెలియదని తేలింది," అని జవాబు చెప్పడం నేను విన్నాను. ముప్పయ్యేళ్లుగా చెవితో ఇంజిన్ విని రోగం చెప్పే మనిషి. విన్నప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకునేది. అయినా మనసులో సంతోషమే ఎక్కువ. మరిది ఉండిపోతున్నాడు. అత్తగారు చాలాకాలానికి రెండోసారి అడిగి కూర వేయించుకుంది.

షాపువాళ్లకి రానని సోమవారం ఫోన్ చేస్తానన్నాడు మరిది. శనివారమే వాన పడింది.

మామూలు వాన కాదు. వీధి మొగలో మోకాలి లోతు నిలిచింది. టైలరమ్మ పరీక్ష ఆదివారం దాటితే సోమవారం. ఆ పొడుగు గొట్టం నోరు రోడ్డుకి జానెడు ఎత్తున ఉంది. నీళ్లలో దిగితే గాలి బదులు నీళ్లు పీలుస్తుంది. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఇక దాన్ని పాతసామాను కొట్టుకి తోలుకోవడమే.

"నీళ్లలో దింపకు వదినా," అన్నాడు మరిది చాలా తేలిగ్గా.

"వీధంతా నీళ్లే. ఎగిరి వెళ్లమంటావా?"

"ఒక్క వారం ఆగితే సరిపోతుంది కదా."

"ఆ మాట పరీక్ష పెట్టేవాళ్లకి చెప్పు."

మా ఆయనేమో, "నేను ముందే అన్నాను," అని ఊరుకున్నాడు. ముందే ఎప్పుడన్నాడో ఆయనకే తెలియాలి. ఆదివారం పొద్దున ఇద్దరూ ఏదో ఇంజిన్ చూడ్డానికని వేరే ఊరు వెళ్లారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇక వీళ్లని నమ్ముకుంటే కాదని చీర కొంగు బిగించి, నిచ్చెన వేసుకుని, అటక మీంచి ఆ పాత నల్ల డబ్బానీ వంకర గొట్టాన్నీ దించాను. ఆ గొట్టం నోరు హెడ్‌లైటు ఎత్తున ఉంటుంది, నీళ్లందవు. నాలుగు బోల్టులూ రెండు క్లిప్పులూ బిగించడం నాకూ తెలుసు. బిగించేముందు ఆరు వారాల దుమ్ము దులుపుదామని వంకర గొట్టాన్ని నేలకేసి తట్టాను.

లోపల ఏదో మెత్తగా కదిలింది.

హెడ్‌లైటు వైపు నోట్లోంచి చూస్తే ఏమీ లేదు. డబ్బా వైపు నుంచి చూసినా ఏమీ లేదు. గొట్టం మధ్యలో ఒంపు తిరిగి సన్నబడేచోట, చూపు అందని చోట ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి లాగాను. నల్లగా మాసిన గుడ్డ ముక్క బయటికి వచ్చింది. విప్పి చూస్తే మడతల్లో పసుపు పూలు.

అది నా పాత నైటీ. చింపి నేనే కారు తుడవడానికి పెట్టుకున్నాను. వేసవి మొదట్లో పైపు పెట్టి బండి ముందు భాగం కడిగిన రోజు, ఆ గొట్టంలోకి నీళ్లు పోకుండా ఈ ముక్క నోట్లో కుక్కాను. ఈ ఇంటి మనిషిని కదా, తెరిచిన గొట్టం కనబడితే గుడ్డ కుక్కకుండా ఉండలేను. కడగడం అవుతుండగానే ఎవరో పాఠానికి వచ్చారు. ఎక్కి వెళ్లిపోయాను. ఇంజిన్ గాలి పీల్చుకుంటూ పీల్చుకుంటూ దాన్ని ఒంపులోకి లాక్కుంది. ఇక్కడ సాయంత్రం "ఏడు", "ఏడు" అంటూ లెక్క సరిగ్గానే సరిపోతోంది. ఇది ఆ ఏడింటిలోది కాదు.

చల్లటి నేల మీద అలాగే కూర్చుండిపోయాను. నెలన్నరగా నేను తిట్టని మనిషి లేడు. నూనె పోశాడని మా ఆయన్ని తిట్టాను, చప్పుడు చేశాడని మరిదిని తిట్టాను, ఊరికే చూస్తోందని అత్తగారిని లోలోపల తిట్టుకున్నాను. కారు గొంతులో గుడ్డ కుక్కింది మాత్రం నేను.

లేచి, పొడుగు గొట్టం ఊడదీసి డబ్బా బిగించాను. పాత కాగితం ఫిల్టరే వేశాను. నీళ్లు కాస్త తక్కువున్న వైపు నుంచి చుట్టూ తిరిగి స్తంభం దగ్గరికి వెళ్లి, పక్క సీట్లో మరిది బరువుకి బదులు బియ్యం బస్తా, ఒళ్లో ఫోను పెట్టుకుని, ఎప్పుడూ తొక్కినట్టే తొక్కాను. గేటు దగ్గర చూస్తే ఇరవయ్యారు.

మళ్లీ దిగి మళ్లీ ఎక్కాను. ఇరవయ్యారే.

అంటే గొట్టాలు గెలిచింది డబ్బా మీద కాదు, నా నైటీ మీద. మా ఆయన నూలు ఫిల్టర్ ఓడిపోయింది కూడా దాని వల్లే. ఆ డబ్బాలోకి గాలే రాకపోతే లోపల ఏ ఫిల్టర్ ఉంటే ఏమిటి?

ఇంటికొచ్చి నడవాలో నిలబడ్డాను. గుడ్డ నా చేతిలోనే ఉంది. అత్తగారు కళ్లజోడు సవరించుకుని చూసింది.

"అది నీ పసుపు నైటీ కదే?"

చెప్పేశాను. ఎక్కడ దొరికిందో, ఎన్ని సెకన్లు వచ్చిందో, అంతా. ఆవిడ ఇంజిన్ల ఇంట్లో యాభయ్యేళ్లు కాపురం చేసిన మనిషి, రెండోసారి చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "అది పొయ్యిలో పడెయ్. నేను చూడలేదు, నువ్వు చెప్పలేదు. చిన్నవాడు రేపు ఫోన్ చేసేస్తే ఇక ఆ ఊసే ఉండదు."

నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను. పడేస్తే మరిది ఉంటాడు. నేను కోరుకుంది అదే కదా. వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు నిలబడ్డాను కూడా. అక్కడి నుంచి షెడ్డు కనబడుతుంది. సుద్దగీత వాన తడికి సగం చెరిగిపోయి ఉంటే, దాన్ని మళ్లీ దిద్దిన గుర్తు కనబడింది. పొద్దున ఊరెళ్లే ముందు దిద్ది వెళ్లినట్టున్నాడు మా ఆయన. ఆ గీత చూశాక పొయ్యి వెలిగించలేకపోయాను.

మధ్యాహ్నం ఇద్దరూ వచ్చి భోజనానికి కూర్చున్నారు. కూర గిన్నె పక్కన ఆ గుడ్డ పెట్టాను.

"ఇదేమిటి?" అన్నాడు మా ఆయన.

"వంకర గొట్టం ఒంపులో ఉంది. బండి కడిగిన రోజు నేనే కుక్కాను. తియ్యడం మరిచిపోయాను."

ఆయన దాన్ని అందుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "డబ్బాలో ఏడూ ఉన్నాయే," అన్నాడు, అదేదో తన తప్పయినట్టు.

"ఇది మీ డబ్బాలోది కాదు. నాది."

మరిది తినడం ఆపాడు. గుడ్డ వైపు చూడలేదు, నా వైపే చూశాడు. "నడిపావా వదినా?"

"నడిపాను."

"ఎన్ని?"

అత్తగారు నా వైపు చూస్తోందని తెలుస్తూనే ఉంది. "ఇరవయ్యారు," అన్నాను.

ఇప్పుడు మా ఆయన ఎగిరి గంతేస్తాడనీ, "నేను ముందే అన్నాను" అంటాడనీ, ఆ మాటకి మరిది విసురుగా లేచిపోతాడనీ నేను సిద్ధంగా ఉన్నాను. ఆ గొడవ ఎలా సర్దాలో కూడా మనసులో కూర్చుకున్నాను.

"గీత గీసేశాను కదా," అన్నాడు మా ఆయన నెమ్మదిగా. "ఇప్పుడు చెరపను. సగం నీదే."

"అదెలా కుదురుతుందన్నయ్యా? ఒక్క సెకను కూడా ఇవ్వని గొట్టం బిగించి జనానికి ఏమని చెప్పను?"

"చప్పుడు బాగుంటుందని చెప్పు. నాకూ బాగానే ఉంది."

"నీకు బాగాలేదు, ఊరికే అంటున్నావు."

"ఒరేయ్, ఇస్తున్నాను కదరా, తీసుకో."

"ఓడినవాడిచ్చినట్టు ఇస్తున్నావు, నువ్వు ఓడలేదు. నేనెలా తీసుకోను?"

పదిహేనేళ్లలో ఒక్కసారైనా ఒకరి మాట ఒకరు వినని ఈ అన్నదమ్ములు సరిగ్గా నాకు అక్కర్లేని పూట, ఇద్దరూ ఒకేసారి మంచివాళ్లయిపోయారు. నా ఖర్మ అంటే అది. ఒకడైనా కాస్త చెడ్డవాడుగా ఉండి ఉంటే మరిది ఈ ఇంట్లోనే ఉండేవాడు.

అతను కంచంలో చెయ్యి కడుక్కుని, గుడ్డని విప్పి బల్ల మీద చదును చేశాడు. "అక్కడ గాలిని సరిగ్గా కొలిచే యంత్రాలున్నాయట. నిజంగా ఏది ఎంతిస్తుందో నేర్చుకుంటాను," అన్నాడు. తర్వాత నవ్వడానికి ప్రయత్నిస్తూ, "ఈసారి ముందు గొట్టంలో ఏముందో చూసుకుంటాను వదినా," అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. చెప్పినందుకో, గుడ్డ మరిచినందుకో తెలియదు. రెండిటికీ అయి ఉంటుంది.

సోమవారం టైలరమ్మ మోకాలి లోతు నీళ్లు దాటించి, ఎత్తు మీద ఆపి, కుట్టుమిషను తొక్కినంత మెత్తగా తొక్కి కారు ఎక్కించేసింది. పాసైంది. ఆ సంగతి సంతోషంగా చెబుదామని ఇంటికొస్తే మేడ మీద మరిది పెట్టె సర్దుకుంటున్నాడు. అత్తగారు నాతో పది రోజులు మాట్లాడలేదు. ఆవిడ్ని తప్పుపట్టను.

గురువారం పొద్దున వెళ్లాడు. వెళ్లేముందు షెడ్డు వెనక కుళాయి దగ్గర ఏదో ఉతుకుతూ కనబడ్డాడు. బస్సుకి టైమవుతుంటే ఇప్పుడు ఉతుకుడేమిటని కేకలేశాను. ఊరెళ్లేముందు ఆ మనిషితో నా చివరి మాట అదే అయింది, అదీ కేక. బస్సు దాకా మా ఆయనే దింపి వచ్చాడు, నా కారులోనే.

ఆ సాయంత్రం షెడ్డులో ఒక పాత వ్యాను పని పూర్తయింది. నేను పొయ్యి మీద కూర పెట్టాను. అలవాటుగా చెవులు అటే ఉన్నాయి. డబ్బాలో గుడ్డలు ఒక్కొక్కటీ వేస్తున్న చప్పుడైంది.

"ఎనిమిది," అన్నాడు మా ఆయన.

రెండో గొంతు రాలేదు. ఆయన బానెట్ ఎత్తిపట్టుకుని అలాగే నిలబడ్డాడు. సుద్దగీత ఇంకా ఉంది. పనిబల్ల ఇంకా గీతకి ఇటువైపే ఉంది.

పొయ్యి తగ్గించి వెళ్లాను. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే పైకి తీసి లెక్కపెట్టాను. అడుగున ఉతికి ఆరేసిన పసుపు పూల ముక్క, నాలుగు అంచులూ మడిచి ఉంది. ఎందుకైనా మంచిదని రెండోసారి కూడా లెక్కపెట్టాను. కూర మాడుతున్న వాసన వస్తోంది.

"ఎనిమిది," అన్నాను.

ఆయన బానెట్ మూశాడు.